శ్రావణంలో గృహరుణం తీసుకుంటున్నారా? వాయిదా ఒక్కటే చూడకండి

మా అపార్ట్‌మెంటులో పై అంతస్తులో ఉండే ఆయన గత ఆదివారం కాగితాల కట్టతో మా ఇంటికి వచ్చారు. బ్యాంకులో రుణాల విభాగంలో ఇరవై రెండేళ్లు పనిచేసి విరమించినవాణ్ని కాబట్టి ఇలాంటి కాగితాలు నా దగ్గరకు వస్తుంటాయి. ఆయన 2021లో, 38 ఏళ్ల వయసులో, 20 ఏళ్ల గడువుతో ఇంటి రుణం తీసుకున్నారు. ప్రతి నెలా ఐదో తేదీన ఖాతాలోంచి అదే మొత్తం పోతోంది. ఒక్కసారీ తప్పలేదు. అమ్మాయి చదువుకు మరో రుణం అడగబోతే అసలు సంగతి బయటపడింది. ఉద్యోగం 58వ ఏట ముగుస్తుంది, ఇంటి రుణం మాత్రం 69వ ఏట వరకు ఉంది. "ఒక్క వాయిదా కూడా ఆపలేదు కదండీ, ఇదెలా జరిగింది?" అని అడిగారు. వెంట వచ్చిన ఆయన భార్య మాట్లాడకుండా ఆ కాగితం వైపే చూస్తూ ఉండిపోయారు.

ఆషాఢం వెళ్లగానే గృహప్రవేశాలు, ఒప్పందాలు, బ్యాంకుల పండుగ ఆఫర్లు మొదలవుతాయి. దస్తావేజులు చూసుకోండి, సిబిల్ స్కోరు చూసుకోండి, రెరా నంబరు (ప్రాజెక్టు ప్రభుత్వ నమోదు సంఖ్య) అడగండి అని మీకు అందరూ చెబుతారు. అవి నేను మళ్లీ చెప్పను. కుటుంబాలను నా కళ్లముందే కుంగదీసిన పొరపాటు ఒకటుంది. వాయిదా మారలేదు కాబట్టి రుణమూ మారలేదని అనుకోవడం.

గడువు ఎలా జారిపోతుంది

2019 అక్టోబరు నుంచి బ్యాంకులు ఇచ్చే చరవడ్డీ (మధ్యలో మారుతూ ఉండే వడ్డీ) గృహరుణాలు బయటి ప్రామాణిక రేటుతో ముడిపడి ఉన్నాయి. చాలా బ్యాంకుల్లో అది రిజర్వు బ్యాంకు రెపో రేటు, అంటే బ్యాంకులకు అది అప్పిచ్చే వడ్డీ. 2022 మే మొదట్లో 4 శాతం ఉన్న రెపో 2023 ఫిబ్రవరికి 6.5 శాతానికి చేరింది. అంటే పది నెలల్లో రెండున్నర శాతం పెరిగింది. అప్పుడు చాలామందికి వాయిదా పెరగలేదు, గడువు పెరిగింది. జీతంలోంచి ఒక్క రూపాయి కూడా ఎక్కువ పోకపోవడంతో ఎవరూ గమనించలేదు.

లెక్క చూడండి. 40 లక్షల రుణం, 7 శాతం వడ్డీ, 20 ఏళ్లు. వాయిదా సుమారు 31,012 రూపాయలు. మొదటి నెల అందులో 23,333 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 7,679. రెండేళ్లు కట్టాక దాదాపు 38.03 లక్షలు మిగిలి ఉంటుంది. లెక్క సులువు కోసం అప్పుడు వడ్డీ ఒకేసారి 9.5 శాతానికి చేరిందనుకుందాం. నెల వడ్డీయే 30,105 అవుతుంది. మీరు కట్టే 31,012లో అసలుకు చేరేది తొమ్మిది వందల రూపాయలు మాత్రమే. వాయిదా కదపకపోతే ఆ అప్పు తీరడానికి మరో 37 ఏళ్లు దాటుతుంది. బ్యాంకులకు వయోపరిమితి ఉంటుంది కాబట్టి అంత దూరం పోనివ్వరు, కొంత వాయిదా పెంచి ఎక్కడో ఆపుతారు. కానీ లెక్క నడిచే దారి అదే.

ఆ రోజే వాయిదాను 36,800కు పెంచుకుని ఉంటే మిగిలిన 18 ఏళ్లలోనే అప్పు తీరిపోయేది. నెలకు 5,800 బరువు నిజమే. కట్టాల్సిన మొత్తంలో మాత్రం తేడా 59 లక్షలకు పైనే. ఇల్లు కొనడానికి తీసుకున్న అప్పు కంటే అది ఎక్కువ.

సంతకానికి ముందు

జీతంలో ఎంత వాయిదా సరిపోతుందో నేటి వడ్డీతో లెక్కించకండి. రెండు శాతం ఎక్కువ వేసి లెక్కించండి. ఆ వాయిదా కట్టి, ఇల్లు గడిచి, పిల్లల ఫీజులు పోగా ఏమైనా మిగులుతుందంటేనే ఆ ఇల్లు మీది. మిగలకపోతే చిన్న ఇల్లు చూడండి, లేదా రెండేళ్లు ఆగండి.

చేతి డబ్బు కోసం మరో అప్పు చేయకండి. ఇంటి విలువలో బ్యాంకు ఇవ్వగలిగినది 30 లక్షల లోపు రుణానికి 90 శాతం, 75 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం. మిగతాదానికీ రిజిస్ట్రేషన్ ఖర్చుకూ వ్యక్తిగత రుణం, బంగారం తాకట్టు, ఇంకా పాడుకోని చీటీ మీద ఆశ పెట్టుకుని బయలుదేరిన కుటుంబాలు మొదటి ఏడాదిలోనే తడబడటం చూశాను. రెండు వాయిదాలు ఒక జీతం మీద పడతాయి.

ఇంకా కడుతున్న ఫ్లాటయితే, తాళాలు చేతికొచ్చే వరకు అద్దె, బ్యాంకు అప్పటిదాకా విడుదల చేసిన మొత్తం మీద వడ్డీ రెండూ కట్టాలి. ఆ వడ్డీతో అసలులో ఒక్క రూపాయీ తగ్గదు.

కట్టడం మొదలయ్యాక

ఇక్కడ మళ్లీ చెబుతున్నాను. వాయిదా కాదు, మిగిలిన నెలల సంఖ్య చూడండి. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు స్పష్టంగా ఆదేశించింది. వడ్డీ మారినప్పుడు వాయిదా పెంచాలా, గడువు పెంచాలా, రెండూ కొంత కొంతగా మార్చాలా అన్నది రుణగ్రహీతే ఎంచుకోవచ్చు. మిగిలిన వాయిదాల సంఖ్యతో మూడు నెలలకోసారి స్టేట్‌మెంటు ఇవ్వాలి. మీరు నోరు తెరవకపోతే గడువే పెరుగుతుంది. నోరు తెరవండి.

వడ్డీ తగ్గినప్పుడు వాయిదా తగ్గించమని అడగకండి. 2025 ఫిబ్రవరి, జూన్ మధ్య రెపో ఒక శాతం తగ్గింది. పాత వాయిదానే కట్టినవారికి గడువు వెనక్కి వచ్చింది. వాయిదా తగ్గించుకుని ఆ డబ్బుతో కారు వాయిదా మొదలుపెట్టినవారికి రాలేదు.

ఏడాదికి ఒక వాయిదా అదనంగా కట్టండి. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల రుణం మూడేళ్లకు పైగా ముందే తీరుతుంది. మొదటి ఏళ్లలో కట్టినదే ఎక్కువ పని చేస్తుంది.

వ్యక్తులు సొంత అవసరానికి తీసుకున్న చరవడ్డీ గృహరుణానికి ముందస్తు చెల్లింపు రుసుము లేదు. ఎవరైనా అడిగితే రాతపూర్వకంగా చూపించమనండి.

అదనంగా కట్టిన ప్రతిసారీ "గడువు తగ్గించండి" అని రాసి ఇవ్వండి. నోటిమాట చాలదు.

కొత్తవారికి మీకంటే తక్కువ వడ్డీ ఇస్తున్నారా? అడగండి. చిన్న రుసుముతో మీకూ తగ్గించవచ్చు. అడగనివారికి తగ్గించరు.

రుణంతో పాటు అంటగట్టే బీమా ప్రీమియంను రుణంలో కలపనివ్వకండి. దానికీ ఇరవై ఏళ్లు వడ్డీ కడతారు. బీమా విడిగా తీసుకోండి. తప్పక తీసుకోండి.

కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి సొంతంగా నివసించే ఇంటి రుణ వడ్డీ మీద మినహాయింపు లేదు. పన్ను ఆదాను లెక్కలో వేసుకోకండి.

ఆరు నెలల వాయిదాలు వేరే ఖాతాలో ఉంచండి. ముట్టుకోకండి.

బకాయి 90 రోజులు దాటితే ఖాతా మొండి బకాయి అవుతుంది. ఆ తర్వాత సర్ఫేసీ చట్టం (కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఇంటిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే చట్టం) కింద 60 రోజుల నోటీసు వస్తుంది. ఉద్యోగం పోయిన మొదటి వారంలోనే బ్యాంకుకు వెళ్లండి. మూడో నెల దాకా దాక్కోకండి.

ఇంట్లో ఇద్దరికీ రుణం వివరాలు తెలియాలి. సంతకం ఇద్దరిదీ, లెక్క ఒక్కరిదీ కాకూడదు.

రుణం తీరిన 30 రోజుల్లోగా అసలు పత్రాలు తిరిగి ఇవ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల పరిహారం మీ హక్కు. అడగండి.

పై అంతస్తు ఆయన సోమవారం పొద్దున బ్యాంకుకు వెళ్లి వాయిదా 6,000 పెంచమని రాసి ఇచ్చి వచ్చారు. మీరు ఈ రాత్రే స్టేట్‌మెంటు తీయండి. మిగిలిన నెలలెన్నో ఒక కాగితం మీద రాయండి. దాని కింద ఉద్యోగంలో మీకు మిగిలిన నెలలెన్నో రాయండి. పై సంఖ్య పెద్దదైతే రేపు సెలవు పెట్టి బ్యాంకుకు వెళ్లండి.