ఎల్ఈడీ స్ట్రిప్ చుక్కలు మాయమయ్యాయి (నా అనుభవం)

1968లో వచ్చిన కుబ్రిక్ సినిమా '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' చివర్లో ఒక తెల్ల గది ఉంటుంది కదా, నేలంతా కింద నుంచి వెలుగుతూ, హాల్లో టీవీ గోడ కింద అలాంటి వెలుగు గీత కావాలని స్ట్రిప్ పెట్టించా. తీరా వేస్తే చుక్కలు చుక్కలుగా పెళ్లి పందిరి సీరియల్ లైట్ల సెట్టే!

బటర్ పేపర్ అంటించా, డిమ్మర్ పెట్టా, ఇంకా ఖరీదైన స్ట్రిప్ కొన్నా, దేనికీ లొంగలేదు.

చివరికి పనిచేసింది ఇది. స్ట్రిప్ వెలిగించి, పాల రంగు డిఫ్యూజర్ (వెలుగుని సమంగా పరిచే మూత) ముక్కని దాని మీద పట్టుకుని, పక్కన స్కేలు నిలబెట్టి మెల్లగా పైకి లేపా. దాదాపు 18 మి.మీ. దగ్గర చుక్కలు కలిసిపోయాయి. నాది మీటరుకి 60 ఎల్ఈడీలది, అంటే బల్బుకీ బల్బుకీ మధ్య సుమారు 17 మి.మీ., నా పాత ప్రొఫైల్ (స్ట్రిప్‌ని లోపల అంటించే పొడవాటి గాడి) లోతేమో 8 మి.మీ.! 20 మి.మీ. లోతున్న అల్యూమినియం ప్రొఫైల్ తెచ్చి, లోపల తుడిచి, స్ట్రిప్ అంటించి డిఫ్యూజర్ నొక్కేశా, అంతే.

మీ డిఫ్యూజర్ పల్చనైతే ఇంకాస్త లోతు పట్టొచ్చు, కొనేముందు స్కేలుతో చూసుకోండి. నిగనిగలాడే టైల్స్‌లో ప్రతిబింబం మాత్రం నాకింకా కనిపిస్తూనే ఉంది, దానికి చాప వేశా.