దర్శకుడిని చదవడం – 4వ పాఠం: తెర మీదికి రానివి

గత పాఠంలో దర్శకుడు కెమెరాను ఎక్కడ పెడతాడో, ఎంతసేపు కదలనివ్వకుండా ఉంచుతాడో గమనించి రాసుకోవడం నేర్చుకున్నాము. ఈసారి పని అంతకంటే కాస్త కష్టమైనది. కథలో జరిగినా మన కంటికి చూపకుండా దర్శకుడు దాటవేసిన ఘట్టాలను పట్టుకోవాలి, వాటిని ఆసరాగా చేసుకుని ఆ దర్శకుడి గురించి నలుగురిలో నిలకడగా మాట్లాడగలగాలి.

ముందుగా ఒక అలవాటు మానుకోవాలి. ఒడిశాలోని బరంపురంలో గానీ, పర్లాకిమిడిలో గానీ, రాయగడలో గానీ మన తెలుగువాళ్ళు నలుగురు కూడి ఒక విదేశీ చిత్రం చూశాక సాధారణంగా వినిపించే మాటలు రెండే. "బాగుందండి, కానీ మరీ స్లో" అన్నది ఒకటి, "గొప్ప సినిమా, ఇంకేం చెప్తాం" అన్నది మరొకటి. ఈ రెండింటిలో దేనికీ ఎదుటివారి దగ్గర జవాబు ఉండదు కాబట్టి మాట కాసేపటికే ఎండల మీదికో పిల్లల చదువుల మీదికో మళ్ళిపోతుంది. చర్చ సాగాలంటే ఎదుటివారు సినిమాలోంచే రుజువు తెచ్చి ఒప్పుకోవడానికో కాదనడానికో వీలిచ్చే వాక్యం కావాలి. "ఈ దర్శకుడు ఫలానా ఘట్టాన్ని చూపలేదు" అన్నది అటువంటి వాక్యం. దాన్ని ఎవరైనా సరిచూడవచ్చు, సరిచూశాక "ఎందుకు చూపలేదు" అని అడగక మానరు.

జపాన్ దర్శకుడు యసుజిరో ఓజు దగ్గర మొదలుపెడదాము, ఎందుకంటే ఈ పాఠానికి ఆయనకంటే అనువైనవారు లేరు. 1949లో వచ్చిన "లేట్ స్ప్రింగ్" చిత్రమంతా ఒక పెళ్ళి చుట్టూ తిరుగుతుంది. తల్లి లేని కూతురు తండ్రిని వదిలి వెళ్ళనంటుంది. ఆమెను ఒప్పించడానికి తండ్రి తానే మళ్ళీ పెళ్ళి చేసుకోబోతున్నానని అబద్ధమాడతాడు. సంబంధం కుదురుతుంది, పెళ్ళికొడుకు హాలీవుడ్ నటుడు గ్యారీ కూపర్‌లా ఉంటాడని మాటల్లో వింటాము, చివరికి ముహూర్తం రోజు వస్తుంది. పెళ్ళికూతురి ముస్తాబులో ఉన్న కూతురు తండ్రికి నమస్కరించి ఇల్లు వదులుతుంది. ఆ తరువాత పెళ్ళి చూస్తామని ఎదురుచూసిన మనకు పెళ్ళి కనిపించదు. పెళ్ళికొడుకు ముఖం సినిమా మొత్తంలో ఒక్కసారి కూడా కనిపించదు. అన్నీ అయిపోయాక తండ్రి రాత్రి ఒంటరిగా ఇంటికి వచ్చి, కుర్చీలో కూర్చుని, ఆపిల్ పండు చెక్కు తీస్తాడు. చెక్కు ఒకే తీగలా జారి కింద పడుతుంది, చేయి ఆగుతుంది, తల వాలుతుంది.

పట్టుచీరలకు పేరుపడిన బరంపురంలో పుట్టినవారికి ఇది ఇంకా గట్టిగా తగలాలి. మనకు పెళ్ళంటే జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, బంధువుల సందడి. అవి లేని పెళ్ళి సినిమాను మన నిర్మాతల దగ్గరికి తీసుకెళితే ఏమంటారో ఊహించుకోవడం కష్టం కాదు. సినిమా అయ్యాక కూర్చున్నవారిలో మాట ఇలా నడవవచ్చు:

"అదేటండీ మాస్టారూ, అంత చేసి పెళ్ళికొడుకుని ఒక్కసారీ చూపించలేదు?"

"చూపిస్తే నువ్వు ఎవరి వేపు చూద్దువు బాబూ?"

"అతని వేపే. ఎలాగున్నాడో, మంచోడో కాదో అని."

"మరి ముసలాయన సంగతో?"

ఆ కుర్రవాడికి అక్కడ దొరికినదే ఈ పాఠంలో మొదటి మెట్టు. పెళ్ళి చూపి ఉంటే కథ కూతురి కొత్త జీవితం వైపు తిరిగేది. దాన్ని తీసివేయడం వల్ల బరువంతా ఖాళీ అయిన ఇంటి మీద పడింది. ఒక దర్శకుడు ఏదైనా ఘట్టాన్ని దాటవేసినప్పుడు, ఆ ఘట్టం ఉండి ఉంటే మన చూపు ఎటు వెళ్ళేదో, అది లేనందున ఎటు వెళ్ళిందో పక్కపక్కన పెట్టి చెప్పగలిగితే చాలు. "నెమ్మది", "లోతు" వంటి మాటలు అప్పుడు అవసరపడవు.

అయితే ఒక్క సినిమాలో కనబడినదాన్ని దర్శకుడి స్వభావమని తీర్మానించకూడదు; అది ఆ కథ అవసరం కావచ్చు. కనీసం ఇంకో రెండు చిత్రాలలో అదే పని చేశాడేమో చూడాలి. ఓజు చివరి చిత్రం "యాన్ ఆటమ్ ఆఫ్టర్‌నూన్" 1962లో వచ్చింది. అందులోనూ తండ్రీ కూతురే, తండ్రి పాత్రలో ఇక్కడా "లేట్ స్ప్రింగ్"లో వేసిన నటుడు చిషూ ర్యూయే, పెళ్ళి ఇక్కడా తెర మీదికి రాదు. కూతురు వెళ్ళిపోయిన మేడగది, అద్దం, ఎవరూ కూర్చోని పీట మాత్రం కనిపిస్తాయి. 1953 నాటి "టోక్యో స్టోరీ"లో దాటవేత పెళ్ళి నుంచి చావుకు మారుతుంది. టోక్యోలోని పిల్లలను చూసి తమ ఊరు ఒనోమిచికి తిరిగి వెళ్ళే రైలులో తల్లికి ఒంట్లో బాగుండదు, ముసలి దంపతులు మధ్యలో ఒసాకాలో దిగుతారు. ఈ సంగతి మనం చూడము; ఒసాకాలో ఉన్న కొడుకు తన ఆఫీసులో తోటి ఉద్యోగితో అంటుండగా వింటాము. తరువాత ఒక రాత్రి పిల్లలు స్పృహలేని తల్లి చుట్టూ కూర్చుంటారు, తెల్లవారేదాకా ఉండకపోవచ్చని డాక్టరైన పెద్దకొడుకు చెబుతాడు. ఆపైన ఊరి ఉదయం కనిపిస్తుంది. ఇంట్లోకి వచ్చేసరికి ఆమె ముఖం మీద తెల్లటి గుడ్డ ఉంది.

ప్రాణం పోయిన క్షణాన్ని వదిలిన దర్శకుడు దానికి ముందూ వెనుకా ఎక్కడ కాలం వెచ్చించాడో చూడండి. తల్లికి విషమంగా ఉందన్న కబురు టోక్యోకు అందగానే కూతురు షిగే, శోకవస్త్రాలు కూడా పట్టుకెళ్దామా అని అన్నగారిని అడుగుతుంది. ఆమె చెడ్డది కాదు, ముందుచూపు గల మనిషి; అయినా ఆ ఒక్క మాట మనలను చివుక్కుమనిపిస్తుంది. వితంతువైన కోడలు నొరికో మాత్రం ఆ బట్టలు తీసుకురాలేదు. మరణదృశ్యం పెట్టి అందరినీ ఏడిపించి ఉంటే ఎవరు ఎలాంటివారో ఇంత స్పష్టంగా తెలిసేది కాదని నా అభిప్రాయం. మీరు కాదనవచ్చు, కాని కాదనడానికి సినిమాలోంచే ఇంకో సీను తేవాలి.

రెండో మెట్టు దర్శకులను వేరుచేయడం. దాటవేసేవారంతా ఒకే తీరున దాటవేయరు. ఓజు కాలాన్ని కత్తిరిస్తాడు. ఫ్రాన్సు దర్శకుడు రాబర్ట్ బ్రెసాన్ అలా కాకుండా, ఘటన జరుగుతుండగానే కెమెరాను దాని మీదికి తిప్పడు. 1956 నాటి "ఎ మ్యాన్ ఎస్కేప్డ్" మొదటి నిమిషాలు ఒక పూట కేటాయించి మళ్ళీ మళ్ళీ చూడదగినవి. జర్మన్లు ఖైదీలను కారులో తీసుకెళుతుంటారు. కథానాయకుడి చేయి తలుపు పిడి మీదికి వెళ్ళడం, వెనక్కి రావడం, తగిన అదను కోసం ఆగడం చూస్తాము. అతను ఒక్కసారిగా దూకుతాడు. కెమెరా అతని వెంట పరుగెత్తకుండా ఖాళీ అయిన సీటు దగ్గరే ఉండిపోతుంది. అరుపులు, తుపాకి చప్పుడు చెవిన పడతాయి, కాసేపటికి అతన్ని పట్టి తెచ్చి అదే సీటులో కుదేస్తారు. కనిపించనిదాన్ని శబ్దం మోసింది. ఆ సినిమా అంతటా బయటి లోకం మనకు చెవి ద్వారానే అందుతుంది కాబట్టి, జైలుగదిలోని మనిషికి తెలిసినంతే మనకూ తెలుస్తుంది. 1983లో తీసిన చివరి చిత్రం "లార్జాఁ"లోనూ హత్యలను ఆయన సూటిగా చూపలేదు.

ఇరాన్ దర్శకుడు అబ్బాస్ కియరొస్తామిది మూడో రకం. ఆయన దాచేది కారణాన్ని. 1997లో ఫ్రాన్సులోని కాన్ చలనచిత్రోత్సవంలో పామ్ డోర్ అనే అత్యున్నత బహుమతిని మరో చిత్రంతో పంచుకున్న "టేస్ట్ ఆఫ్ చెర్రీ"లో చావాలనుకున్న ఒక మనిషి తన మీద మట్టి కప్పేవాడి కోసం కారులో తిరుగుతాడు. ఎందుకు చావాలనుకున్నాడో సినిమా అయిపోయినా చెప్పరు. చర్చలో దీని మీద పోట్లాట తప్పదు, పోట్లాడుకోండి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. తెర మీద లేనిదంతా దర్శకుడు కావాలని వదిలినదే అనుకుంటే పొరపడతాము. సెన్సారు కోసేసి ఉండవచ్చు, డబ్బు చాలకపోయి ఉండవచ్చు, మన చేతికి వచ్చిన కాపీయే కురచది కావచ్చు. అందుకని ఆ కాలపు నిబంధనలు ఏమిటో ఒకసారి చూసుకోవాలి. దర్శకుడు ఎర్న్‌స్ట్ లూబిచ్ హాలీవుడ్‌లో పడకగది తలుపులు మూసి కథ నడిపిన తీరు ఇందుకు చక్కని పరీక్ష. సినిమాలో ఏది చూపరాదో చెప్పే హాలీవుడ్ నీతినియమావళికి భయపడి మూశాడని తేలిగ్గా అనేయవచ్చు. కాని ఆ నియమావళిని కఠినంగా అమలు చేసింది 1934 నుంచి. "ట్రబుల్ ఇన్ పారడైజ్" వచ్చింది 1932లో. ఆ చిత్రంలో ఒక సాయంకాలం మొత్తం గడియారం ముఖం మీదే గడిచిపోతుంది, స్త్రీపురుషుల గొంతులు మాత్రం వినిపిస్తాయి. అంత పట్టుబట్టి ఆపేవారు లేనప్పుడు కూడా మూసిన తలుపు గనుక, అది ఆయన ఎంపికే అని ధైర్యంగా అనవచ్చు.

ఇక అభ్యాసం. ఒడిశాలో ఉంటున్నందుకు మనకు దగ్గరలోనే ఉన్న చిత్రం నీరద్ మహాపాత్ర తీసిన "మాయా మిరిగ". 1984 నాటిది, పూరీలో చిత్రీకరించినది, ఇటీవల బాగుచేసిన ప్రతి 2024లో ఇటలీలోని బొలోన్యాలో ప్రదర్శితమైంది. ఉమ్మడి కుటుంబం ఒకటి మెల్లగా విడిపోయే కథ. దొరికినప్పుడు ఒడియా వచ్చిన ఇరుగుపొరుగును కూడా పిలిచి కలిసి చూడండి. బడిలో ఒడియా చదివి ఇంట్లో తెలుగు మాట్లాడే మన పిల్లలు ఇక్కడ పెద్దలకంటే ఎక్కువ పట్టుకుంటారు. చూస్తున్నప్పుడు నోటుపుస్తకంలో పేజీని నిలువుగా రెండుగా గీయండి. ఎడమవైపు ఆ కుటుంబంలో మీ కళ్ళముందు జరిగినవి, కుడివైపు ఎవరో చెప్పగానో, జరిగిపోయాకనో మీకు తెలిసినవి రాయండి. సినిమా నడుస్తుండగా అభిప్రాయాలు రాయవద్దు, సంగతులే రాయండి. అయిపోయాక కుడివైపు నుంచి ఒక్క సంగతిని ఎంచుకుని, అది చూపి ఉంటే మీ చూపు ఇంట్లో ఎవరి మీద నిలిచేదో, చూపనందున ఎవరి మీద నిలిచిందో నాలుగైదు వాక్యాలలో రాసి, కలిసి చూసినవారికి చదివి వినిపించండి. కథను మొదటినుంచీ చెప్పుకుంటూ పోయేవారిని మధ్యలో ఆపవచ్చు, నొచ్చుకోరు.

ఓజును ఎంచుకోదలచినవారు "లేట్ స్ప్రింగ్" ఒక్కటే చూసి ఆగకుండా, దానితోపాటు ఇంకొకటి చూసి రెండింటికీ విడివిడి పేజీలు గీయండి. వచ్చే పాఠంలో శబ్దం గురించి మాట్లాడుకుంటాము. అప్పటికి బ్రెసాన్ చిత్రంలోని ఆ కారు సీనును ఒకసారి తెరవైపు చూడకుండా విని, ఏయే చప్పుళ్ళు ఏ వరుసలో వచ్చాయో రాసి పెట్టుకోండి.