బిగుసుకుపోయిన పాత డీజిల్ ఫిల్టర్‌ను ఎలా ఊడదీయాలి?

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి తోలే పాత ట్రాక్టర్లకు, జీపులకు డీజిల్ ఫిల్టర్ మార్చాలనగానే చాలామంది ముందు సుత్తి, స్క్రూడ్రైవర్ అందుకుంటారు. ఆ రెండూ పక్కన పెట్టండి. పైనున్న అల్యూమినియం హెడ్‌కు కింది నుంచి తిప్పి బిగించే రేకు డబ్బా ఫిల్టర్ ఎంత మొరాయించినా, ఓపిక పడితే దాదాపు ఎప్పుడూ చిరగకుండానే వస్తుంది. నడుమ బోల్టుతో బిగించే గిన్నె రకం వేరు, దానికి ఈ పద్ధతి పనికిరాదు.

కావలసినవి: కొత్త ఫిల్టర్, బెల్ట్ రెంచి, గరుకు ఎమరీ కాగితం, బేసిన్, పోగులు రాలని పాత గుడ్డలు, బ్లీడ్ స్క్రూకు (లోపలి గాలిని బయటికి వదిలే స్క్రూ) సరిపోయే పానా. చైన్ రెంచి వద్దు, అది రేకును నొక్కేస్తుంది.

ఇంజిన్ ఆపి పూర్తిగా చల్లారనివ్వండి. బ్యాటరీ నెగటివ్ వైరు తీయండి. ట్రాక్టరైతే ట్యాంకు కాక్ మూసేయండి, లేకపోతే డీజిల్ కారుతూనే ఉంటుంది. ఫిల్టర్ అడుగున సెన్సర్ వైరు ఉంటే విప్పండి. హెడ్ చుట్టూ పేరుకున్న మట్టిని బ్రష్‌తో దులిపి తుడవండి. కరీంనగర్ గ్రానైట్ క్వారీల వైపు తిరిగే బండ్లకు ఇది మరీ ముఖ్యం. ఆ దుమ్ము హెడ్ రంధ్రాలకు అంటిందంటే నేరుగా పంపులోకి పోతుంది. అడుగున డ్రెయిన్ స్క్రూ ఉంటే తిప్పి డీజిల్‌ను బేసిన్‌లోకి వదిలేయండి.

ఇక అసలు పని.

ముందు తిప్పే దిక్కు చూసుకోండి. ఫిల్టర్ కిందికి వేలాడుతుంది కాబట్టి, కింది నుంచి పైకి చూసినప్పుడు గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిప్పితేనే వదులవుతుంది. బానెట్ మీది నుంచి వంగి చూసేవాళ్లకు అదే తలకిందులై కనిపిస్తుంది. బలంగా తిప్పుతున్నామనుకుంటూ ఇంకా బిగించేవాళ్లను ఎంతమందిని చూశానో! అనుమానం ఉంటే కొత్త ఫిల్టర్ మీద చాక్‌పీసుతో బాణం గీసి, పాతదాని పక్కన పట్టి చూసుకోండి.

తరువాత పట్టు. రెంచిని డబ్బా నడుమ వేయకూడదు. అక్కడ లోపల గట్టిదనం ఏమీ ఉండదు, రేకు సొట్టపోతుంది. హెడ్‌కు ఆనుకుని, రబ్బరు రింగుకు సరిగ్గా కింద వేయాలి. లోపల మందపాటి ఇనుప పలక ఉండేది అక్కడే. డబ్బా మీద డీజిల్ జిడ్డు లేకుండా తుడిచి, ఎమరీ కాగితాన్ని గరుకు వైపు డబ్బాకు తగిలేలా చుట్టి, దాని మీద బెల్ట్ బిగించండి. ఇంక జారదు.

ఇప్పుడు ఒక చేత్తో హెడ్‌ను గట్టిగా పట్టుకోండి. పాత అల్యూమినియం హెడ్ పగిలితే ఫిల్టర్ ఖర్చుకు ఎన్నో రెట్లు పెట్టాలి. రెంచిని కుదుపుతో లాగకండి. ఒకే బలంతో, ఆపకుండా, నెమ్మదిగా లాగి పట్టుకోండి. ఎండిపోయిన రబ్బరు కుదుపుకు లొంగదు, నిలకడైన ఒత్తిడికి లొంగుతుంది. రాకపోతే వదిలేసి, వేడి నీళ్లలో ముంచి పిండిన గుడ్డను రింగు దగ్గర చుట్టి కాసేపు ఉంచండి. తడి తుడిచి మళ్లీ లాగండి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టమని కొందరు చెబుతారు. ఇక్కడ పట్టేసింది రబ్బరు, మర దానికి లోపల ఉంటుంది, స్ప్రే అంతవరకూ పోదు.

మంట మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకండి. డీజిల్ అంత తేలిగ్గా అంటుకోదని ధైర్యం చెప్పేవాళ్లుంటారు. మన దేశపు ప్రమాణం ప్రకారం డీజిల్ ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు తగిలితే దాని ఆవిరి అంటుకునే వేడి, కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలు. వరంగల్ మే ఎండ 40 దాటుతుంది. బీడీ, సిగరెట్ కూడా దూరంగా ఉండాలి.

స్క్రూడ్రైవర్‌తో పొడిచి తిప్పితే డబ్బా చిరుగుతుంది, పై పలక మాత్రం హెడ్‌కే ఉండిపోతుంది. ఇప్పటికే ఎవరైనా అలా చేసి ఉంటే, మిగిలిన రేకును కత్తిరించి తీసేసి, పలక రంధ్రంలో మొండి పంచ్ పెట్టి వదులయ్యే దిక్కులో చిన్న దెబ్బలు వేయండి. హెడ్‌కు దెబ్బ తగలనివ్వకండి.

ఊడాక హెడ్‌ను వేలితో తడిమి చూడండి. ఒక్కోసారి పాత రబ్బరు రింగు అక్కడే అతుక్కుని ఉంటుంది, కనిపించదు. దాని మీదే కొత్తది బిగిస్తే రెండు రింగులై కారుతుంది. నడిమి మర కడ్డీ పాత ఫిల్టర్‌తో ఊడి వచ్చిందేమో కూడా చూసుకోండి.

కొత్తదాని రింగుకు డీజిల్ రాసి చేత్తో తిప్పండి. రింగు హెడ్‌కు తగిలాక ఇంకో ముప్పావు చుట్టు, అదీ చేత్తోనే. ఫిల్టర్ పెట్టె మీద వేరే కొలత ఉంటే అది పాటించండి. రెంచితో బిగించడం వల్లే, పొడి రింగు వేయడం వల్లే పాతది అంతగా పట్టేసింది. కొత్త ఫిల్టర్‌లో ముందే డీజిల్ పోయకండి. నడిమి రంధ్రం వడపోత దాటిన వైపు, అక్కడ పోసిన మురికి నేరుగా నాజిళ్లకు చేరుతుంది.

కాక్ తెరిచి, బ్లీడ్ స్క్రూ వదులు చేసి చేతి పంపు కొట్టండి. బుడగలు ఆగి డీజిల్ ధారగా వచ్చాక స్క్రూ బిగించండి. బ్యాటరీ వైరు పెట్టి స్టార్ట్ చేయండి. వెంటనే రాకపోతే సెల్ఫ్‌ను 10 సెకన్లకు మించి తిప్పకుండా, మధ్యలో విరామం ఇవ్వండి.

ఇంజిన్ కాసేపు నడిచాక రింగు చుట్టూ పొడి గుడ్డతో తుడిచి తడి చూడండి. మరుసటి ఉదయం స్టార్ట్ కావడానికి సతాయిస్తే అక్కడ గాలి పీలుస్తోందని అనుమానించి, ఫిల్టర్ విప్పి రింగు మళ్లీ చూసుకోండి.