అమెరికా ఎలక్షన్ టైమ్‌లో సర్వే చూసి కంగారు పడకుండా ఓటేయడం ఎలా

2024 నవంబర్ 2, శనివారం సాయంత్రం. పొయ్యి మీద పప్పుకి తాలింపు పెడుతున్నా, పక్కన ఫోన్ ఆగకుండా మోగుతూనే ఉంది. చూస్తే మా గ్రూపులో అందరూ ఒకటే గోల, ట్రంప్ అంతకుముందు రెండుసార్లూ గెలిచిన అయోవాలో ఇప్పుడు హారిస్ 47, ట్రంప్ 44 అని సర్వే వచ్చిందట, చేసింది కూడా ఎవరో ఊరూపేరూ లేనివాళ్ళు కాదు, ఆ రాష్ట్రంలో ఏళ్ళ తరబడి మంచి పేరున్న ఆన్ సెల్జర్. సగం మంది ఇంక గెలిచేసినట్టే అని టపాసులు పేల్చేస్తున్నారు, మిగతా సగం ఇదంతా ఫేక్ అని తిడుతున్నారు. మంగళవారం ఓట్లు లెక్కపెడితే ట్రంప్ అయోవాలో 13 పాయింట్ల తేడాతో గెలిచాడు.

నన్ను భయపెట్టింది ఆ సర్వే తప్పడం కాదు. అదే రాత్రి నార్త్ కరోలినా నుంచి మా వదిన ఫోన్ చేసి "అయోవానే వచ్చేస్తుందంటే ఇంక తేలిపోయినట్టే కదే, మంగళవారం లీవ్ పెట్టి లైన్లో నిలబడ్డం దేనికి" అంది. నేను "వదినా, నీ ఓటు అయోవాలో ఉందా నార్త్ కరోలినాలో ఉందా" అని అడిగితే రెండు క్షణాలు మాట్లాడలేదు. తర్వాత వెళ్ళి వేసింది అనుకోండి, కానీ ఒక్క నంబర్ ఎంత పని చేస్తుందో నాకు ఆ రోజు బాగా అర్థమైంది. అందుకే ఇది రాస్తున్నా, సిటిజన్‌షిప్ వచ్చి మొదటిసారో రెండోసారో ప్రెసిడెంట్ ఎలక్షన్‌లో ఓటేయబోయే మనవాళ్ళ కోసం.

పోల్, అంటే సర్వే, కనపడగానే చూడాల్సింది ఎవరు ముందున్నారని కాదు, అది ఏ గిన్నెది అని. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు అంటాం కదా, సర్వే అంటే అదే, కానీ ఆ మెతుకు చెప్పేది ఆ గిన్నె గురించే. అమెరికా ప్రెసిడెంట్ ఎలక్షన్‌లో 50 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ, అంటే 51 గిన్నెలు వేర్వేరు పొయ్యిల మీద ఉన్నాయి. దాదాపు అన్నిట్లోనూ ఆ రాష్ట్రంలో గెలిచినవాళ్ళకే దాని ఎలక్టోరల్ ఓట్లన్నీ పోతాయి, ప్రెసిడెంట్ ఎవరో తేల్చేది ఆ ఓట్లే. టీవీలో రోజూ చూపించే నేషనల్ పోల్ ఈ గిన్నెలన్నిట్లోంచి తలా కాస్త తీసి కలిపి రుచి చూసినట్టు. 2016లో హిల్లరీ క్లింటన్‌కి దేశం మొత్తం మీద దాదాపు 29 లక్షల ఓట్లు ఎక్కువొచ్చాయి, నేషనల్ పోల్స్ కూడా ఆవిడే మూడు పాయింట్లు అటూఇటూ ముందుందని చెప్పాయి, చివరికి 2.1 పాయింట్లు ముందుంది కూడా, అంటే అవేమీ ఘోరంగా తప్పలేదు. కానీ పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ మూడూ కలిపి 78 వేల లోపు ఓట్ల తేడాతో పోయాయి, ప్రెసిడెంట్ పదవి కూడా వాటితోనే పోయింది. కాబట్టి నేషనల్ పోల్ చూసి సంతోషపడినా ఏడ్చినా, మీ రాష్ట్రం పోల్ చూశాకే పెట్టుకోండి.

తర్వాత కలిపారా లేదా చూడాలి. సాంబార్‌లో ఉప్పు వేసి గరిటె తిప్పకుండా పైపైన రుచి చూస్తే చప్పగా ఉందనిపిస్తుంది, ఇంకో చెంచా వేస్తాం, తినేటప్పుడు ఉప్పు కషాయం. 1936లో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి పోస్టులో ఫారాలు పంపింది, 20 లక్షల మందికి పైగా తిప్పి పంపారు, అంత పెద్ద సర్వే చేసి రిపబ్లికన్ అభ్యర్థి ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని చెప్పింది, తీరా చూస్తే అప్పటి ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. ఫోన్లు, కార్లు ఉన్నవాళ్ళ లిస్టుల్లోంచే ఎక్కువ అడ్రసులు తీసుకున్నారు, పైగా ఆ ఫారం నింపి పంపే ఓపిక ఉన్నవాళ్ళే పంపారు. అదే ఏడాది సర్వేలు చేసే జార్జ్ గాలప్ అంతకంటే చాలా తక్కువ మందిని అడిగి గెలిచేది ఎవరో సరిగ్గా చెప్పాడు. అందుకని ఎవరైనా "మా ఆన్‌లైన్ పోల్‌లో లక్షమంది ఓటేశారు" అని పంపితే పక్కన పెట్టేయండి, ఎంతమంది అన్నదానికంటే ఎలా ఎంచుకున్నారన్నదే ముఖ్యం.

ఇప్పుడైతే అసలు కష్టం ఇంకోటి, జనం ఫోన్ ఎత్తట్లేదు. తెలియని నంబర్ వస్తే మనమే స్పామ్ అని కట్ చేస్తాం కదా. ప్యూ రీసెర్చ్ అనే సర్వే సంస్థ వాళ్ళ ఫోన్ సర్వేలకి 1997లో నూటికి 36 మంది జవాబిచ్చేవాళ్ళు, 2018కి అది 6కి పడిపోయింది. దొరికిన కొద్దిమందితోనే లెక్క సరిచేయాలి కాబట్టి చదువు, వయసు, జాతి చూసి ఒక్కో గుంపుకి వెయిటేజ్ ఇస్తారు, అంటే తక్కువమంది దొరికిన గుంపు జవాబుల్ని కాస్త ఎక్కువ చేసి లెక్కేస్తారు. 2016లో చాలా రాష్ట్రాల పోల్స్ చదువుకి వెయిటేజ్ ఇవ్వలేదు, కాలేజీ చదివినవాళ్ళు సర్వేలకి ఎక్కువ జవాబిస్తారు, వాళ్ళు క్లింటన్ వైపు ఎక్కువ ఉన్నారు, దాంతో పోల్స్ అటు వాలాయి. 2020లో విస్కాన్సిన్‌లో ఒక పెద్ద పేరున్న పోల్ బైడెన్‌కి 17 పాయింట్ల ఆధిక్యం చూపించింది, గెలిచింది 20,682 ఓట్లతో, అంటే ఒక్క పాయింట్ కూడా లేదు.

ఇక మార్జిన్ ఆఫ్ ఎర్రర్, అంటే సర్వే నంబర్ అటూఇటూ ఎంత ఊగొచ్చో చెప్పే లెక్క. ఇదొక్కటి నేర్చుకుంటే సగం బీపీ తగ్గుతుంది నిజంగా. వెయ్యి మందిని సరిగ్గా ఎంచుకుని అడిగితే అటు 3, ఇటు 3 పాయింట్ల తేడా మామూలే, అది ఒక్కో అభ్యర్థి నంబర్‌కి. ఇద్దరి మధ్య గ్యాప్ గురించి మాట్లాడేటప్పుడు ఆ తేడా దాదాపు డబుల్ అవుతుంది. అంటే 48 – 46 అని వచ్చిందనుకోండి, రెండోవాళ్ళు ముందున్నా ఆ సర్వే తప్పినట్టు కాదు. నిన్న 2 ముందు, ఇవాళ 1 వెనక అని హెడ్డింగ్ వస్తే మనం గాలి మారిపోయింది అనుకుంటాం, చాలాసార్లు గాలీ లేదు ఏమీ లేదు, వేరే వెయ్యి మంది ఫోన్ ఎత్తారు అంతే. ఇంక ఈ లెక్కలో వెయిటింగ్ తప్పులు, ఫోన్ ఎత్తనివాళ్ళ తేడా కలవలేదు, అవి వేరే.

మనవాళ్ళు ఎక్కువ పడిపోయే గొయ్యి ఇక్కడే ఉంది. "ఇండియన్స్ అంతా అటు తిరిగిపోయారు" అని ఒక స్క్రీన్‌షాట్ తిరుగుతుంది. వెయ్యి మంది సర్వేలో ఆసియా వాళ్ళందరూ కలిపి 50 మంది ఉన్నారనుకుందాం, 50 మందికి మార్జిన్ అటూఇటూ 14 పాయింట్లు. అంటే 60 అని రాస్తే అది 46 అయినా కావచ్చు 74 అయినా కావచ్చు. అందులో మళ్ళీ మన తెలుగువాళ్ళు ఎంతమంది, ఇద్దరా ముగ్గురా? ఇండియన్ అమెరికన్ల గురించే తెలుసుకోవాలంటే వాళ్ళ కోసమే చేసిన సర్వే చూడండి, 2024లో కార్నెగీ అనే పరిశోధన సంస్థ వాళ్ళు యూగవ్ అనే సర్వే కంపెనీతో కలిసి 714 మందిని అడిగారు, 61 శాతం హారిస్, 32 శాతం ట్రంప్ అన్నారు. దానికీ మార్జిన్ ఉంటుంది, కానీ కనీసం అడిగింది మనలాంటివాళ్ళని.

శాతం అన్న మాట దగ్గర ఇంకో తికమక. 2016 ఎలక్షన్ రోజు, పోల్స్ కలిపి అంచనాలు వేసే ఫైవ్‌థర్టీఎయిట్ సైట్ క్లింటన్ గెలిచే అవకాశం 71 శాతం అని పెట్టింది. చాలామంది అది ఓట్ల శాతం అన్నట్టు చూసి ఇంక పోటీయే లేదనుకున్నారు. 71 శాతం అవకాశం అంటే మిగతా 29 కూడా ఉంది, దాదాపు మూడు నాలుగు సార్లకి ఒకసారి జరిగే పని. మూడిట్లో ఒకసారి రైలు లేటవుతుందని తెలిస్తే మనం కనెక్షన్ ఎలా బుక్ చేసుకుంటాం, అంత జాగ్రత్తగా ఆ నంబర్ని చూడాలి. బెట్టింగ్ సైట్ల శాతాలు కూడా అలాగే అవకాశాలే, జనాన్ని అడిగి తెచ్చిన నంబర్లు కావు, వాటిని పోల్ అని ఫార్వర్డ్ చేయకండి.

ఆ 2016లో నేను పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గ్‌లో ఉండేదాన్ని, నాకు ఓటు లేదు, వీసా మీద ఉన్నా. మా టీమ్‌లో ఓటున్న ఒకాయన పొద్దున పోలింగ్ బూత్ దాకా వెళ్ళి లైన్ పొడుగ్గా ఉందని తిరిగొచ్చేశాడు, ఎలాగూ రిజల్ట్ తెలిసిందే కదా అన్నాడు. మర్నాడు కాఫీ మెషిన్ దగ్గర కప్పు నిండి కారిపోతున్నా చూసుకోకుండా నిలబడి ఉన్నాడు. పెన్సిల్వేనియా తేడా 44 వేలు, ఆయన ఒక్క ఓటుతో మారేది కాదు, నాకూ తెలుసు. కానీ ఆ రోజు అలా అనుకున్నది ఆయన ఒక్కడే కాదు కదా, ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మీ రియాక్షన్ని మీరే ఎలా పట్టుకోవాలో చెప్తా. సర్వే మీకు నచ్చినట్టు వస్తే ఒళ్ళు వదిలేస్తాం, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు క్యాబినెట్‌లో ఎవరుంటారో కూడా మాట్లాడేసుకుంటాం. నచ్చనట్టు వస్తే రెండే దారులు, అమ్ముడుపోయారని తిట్టడం, లేదా ఇంక వేసి ఏం లాభం అని కూలబడ్డం. తిట్టాలనిపించినప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి, ఇదే కంపెనీ ఇదే పద్ధతిలో మావాళ్ళు ముందున్నారని చెప్తే నేను షేర్ చేసేదాన్నా కాదా? చేసేదాన్ని అంటే గొడవ సర్వేతో కాదు. కూలబడాలనిపిస్తే 1948 గుర్తుచేసుకోండి, గాలప్ వాళ్ళు అప్పటి ప్రెసిడెంట్ ట్రూమన్ డ్యూయీ చేతిలో ఓడిపోతాడని చెప్పి ఎలక్షన్‌కి ముందే సర్వేలు ఆపేశారు, ఒక పెద్ద పేపర్ డ్యూయీ గెలిచాడని మొదటి పేజీలో అచ్చేసింది, గెలిచిన ట్రూమన్ ఆ పేపర్నే చేత్తో పైకెత్తి నవ్వుతూ ఫోటో దిగాడు.

నేను చేసేది ఇది. పోల్ వచ్చిన రోజు చూడను, ఒక వారం పోల్స్ అన్నీ కలిపిన యావరేజ్ ఆదివారం ఒక్కసారి చూస్తా. సర్వే ఏ తేదీల్లో జరిగిందో చూస్తా, డిబేట్‌కి ముందో తర్వాతో తెలియాలి కదా. అడిగింది లైక్లీ ఓటర్లనా, అంటే నిజంగా వెళ్ళి ఓటేసేలా ఉన్నవాళ్ళనా, ఊరికే రిజిస్టరైన వాళ్ళనా చూస్తా. డబ్బిచ్చింది ఏదైనా పార్టీ అయితే సగమే నమ్ముతా, ఎందుకంటే బాగా వచ్చినవే బయటికి వదులుతారు. అన్నిటికంటే ముఖ్యం, చివరి వారం పోల్స్ రాకముందే ఓటేసేస్తా. ఇప్పుడు నేనుండేది జార్జియాలో, 2024లో ఇక్కడ అక్టోబర్ 15న ఎర్లీ ఓటింగ్ మొదలైంది, రెండో రోజే వెళ్ళి టచ్‌స్క్రీన్ మీద నొక్కి, ప్రింటయి వచ్చిన కాగితం మీద పేర్లు ఒకటికి రెండుసార్లు చదువుకుని స్కానర్లో పెట్టి, పీచ్ పండు బొమ్మున్న స్టిక్కర్ అంటించుకుని వచ్చేశా. అందుకే అయోవా నంబర్ వచ్చిన సాయంత్రం నా తాలింపు మాడలేదు. 2020లో ఇదే జార్జియా 11,779 ఓట్ల తేడాతో తేలింది, అట్లాంటా చుట్టుపక్కల మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలిసినవాళ్ళు లెక్కేసుకోండి.

మీ రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఆఖరి తేదీ, ఎర్లీ ఓటింగ్ తేదీలు సెప్టెంబర్‌లోనే రాష్ట్ర ఎలక్షన్ వెబ్‌సైట్‌లో చూసి క్యాలెండర్లో పెట్టుకోండి, ఇల్లు మారితే అడ్రస్ కూడా మార్చుకోండి. మా గ్రూపులో అయితే ఇప్పుడు ఒక రూల్ పెట్టుకున్నాం, ఎవరైనా పోల్ పెడితే కింద నాలుగు ముక్కలు రాయాలి, ఏ రాష్ట్రం, ఏ తేదీలు, ఎంతమంది, మార్జిన్ ఎంత. అవి లేకపోతే అడ్మిన్ తీసేస్తాడు. మా వదినని కూడా ఆ గ్రూపులో యాడ్ చేశాం.