కారు నడపడం నేర్చుకుందాం – మూడో పాఠం: సీటును ఒంటికి తగ్గట్టు సర్దుకోవడం

గత పాఠంలో మూడు పెడళ్లు, గేరు లివర్, హ్యాండ్‌బ్రేకు ఏయే పనులు చేస్తాయో తెలుసుకున్నాం. వాటిని వాడడం మొదలుపెట్టే ముందు, అవన్నీ మన కాలికీ చేతికీ సరిగ్గా అందేలా కూర్చోవడం నేర్చుకోవాలి. డ్రైవింగ్ స్కూళ్లలో ఈ విషయానికి దక్కే సమయం చాలా తక్కువ. ఒక విద్యార్థి దిగగానే మరొకరు వచ్చి అదే సీటులో, అదే అమరికలో కూర్చుంటారు. పక్కనున్న శిక్షకుడి కాళ్ల దగ్గర కూడా బ్రేకు, క్లచ్ ఉంటాయి కాబట్టి కారు ఆపడానికి ఇబ్బంది రాదు. దాంతో సీటు తమకు కుదరలేదన్న సంగతి తెలియకుండానే చాలామందికి శిక్షణ ముగిసిపోతుంది. సొంత కారులో ఒంటరిగా కూర్చున్న రోజున ఆ రెండో బ్రేకు ఉండదు. అందువల్ల, తరగతి అరగంటే అయినా సరే, అందులో మొదటి రెండు నిమిషాలను సీటు సర్దుకోవడానికి అడిగి తీసుకోండి.

ఈ పాఠమంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది: డ్రైవరు ఎక్కడ, ఎలా కూర్చోవాలో నిర్ణయించేది బ్రేకు పెడల్. మామూలు రోజుల్లో మనం బ్రేకును మెల్లగా, కొద్దిగానే తొక్కుతాం. సీటు దూరంగా ఉన్నా కాలి వేళ్ల కొసలతో నొక్కితే కారు ఆగుతూనే ఉంటుంది కనుక, ఏళ్ల తరబడి నడిపినవారికి కూడా ఆ లోపం తెలిసిరాదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు దాటేస్తుంది. ఆ వేగంలో హైవే మీదికి ఉన్నట్టుండి గేదె అడ్డం వస్తే, పెడల్‌ను చివరిదాకా, కాలిలో ఉన్న బలమంతా పెట్టి తొక్కవలసి వస్తుంది. ఆ ఒక్క తొక్కుడుకు తగినట్టుగా ముందు కాళ్లను, తర్వాత వీపును, ఆ తర్వాత చేతులను, చిట్టచివర చూపును కుదుర్చుకోవాలి. ఈ వరుస తప్పితే చేసిన పనే మళ్లీ చేయవలసి వస్తుంది. అద్దాలు సరిచేసుకున్నాక సీటు జరిపితే, అద్దాల్లో కనిపించేదంతా మారిపోతుంది.

కారును ఆరుబయట సమతలంగా ఉన్న చోట ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, గేరును న్యూట్రల్‌లో పెట్టండి. ప్యాంటు వెనుక జేబులో పర్సు, ఫోను ఉంటే తీసేయండి. వాటి వల్ల తుంటి ఒక పక్కకు ఒరిగి, గంట ప్రయాణానికే నడుము పట్టేస్తుంది. కాళ్ల కింద మ్యాటు మీద మ్యాటు వేసి ఉంటే పైది తీసి డిక్కీలో పడేయండి, ఎందుకంటే కొక్కేనికి తగిలించని మ్యాటు ముందుకు జారి పెడల్ కిందికి చేరే ప్రమాదం ఉంది. నీళ్ల సీసాను తలుపు అరలో నిలబెట్టాలి తప్ప సీటు పక్కన దొర్లనివ్వకూడదు. అది బ్రేకు కింద ఇరుక్కుంటే ఎంత నేర్పున్న డ్రైవరైనా చేయగలిగింది ఏమీ ఉండదు. వెనుక పట్టీ లేని చెప్పులు, ఎత్తు మడమల చెప్పులు ఈ పనికి పనికిరావు. పలుచటి అడుగు ఉండి, పాదాన్ని గట్టిగా పట్టి ఉంచే బూట్లు గానీ పట్టీల చెప్పులు గానీ వేసుకుంటే పెడల్ ఎంత లోతుకు దిగిందో పాదానికి తెలుస్తుంది. చీరలో నడిపేవారు కుచ్చిళ్లు మడమ కింద పడకుండా కాస్త పైకి దోపుకోవాలి.

సీటు ఎత్తు మార్చే లివర్ ఉన్న కార్లలో ముందు ఎత్తు సంగతి చూడాలి, ఎందుకంటే ఎత్తు మారితే పెడళ్ల దూరం కూడా మారుతుంది. తలకూ పైకప్పుకూ మధ్య పిడికిలి పట్టేంత సందు ఉంచుకుని, బానెట్ మీదుగా రోడ్డు బాగా కనిపించేంత పైకి సీటును లేపండి. తుంటి మోకాళ్లతో సమానంగా గానీ, వాటికంటే కొంచెం పైన గానీ ఉంటే తొడలకు సీటు ఆసరా అందుతుంది. ఎత్తు మార్చే వీలు లేని చిన్న కార్లలో కొందరు ఇంట్లోని దిండు తెచ్చి వేసుకుంటారు. మెత్తటి దిండు బ్రేకు వేసినప్పుడు ఒంటితోపాటు ముందుకు జారుతుంది, పైగా ఒత్తిడికి అణిగిపోయి సీటు బెల్టును వదులు చేస్తుంది కనుక అది వద్దు. తప్పనిసరైతే కింద జారని పట్టు ఉన్న గట్టి, పలుచటి మెత్తను మాత్రమే వాడండి.

ఇప్పుడు అసలైన పరీక్ష చేద్దాం. ఇంజిను ఆగి ఉన్నప్పుడు రెండు మూడు సార్లు తొక్కేసరికి బ్రేకు పెడల్ బిగుసుకుపోయి కిందికి దిగదు కాబట్టి, దీన్ని ఇంజిను నడుస్తుండగానే చేయాలి. తుంటి సీటు వెనుక మూలకు తగిలేలా పూర్తిగా లోపలికి జరిగి కూర్చుని, కుడికాలితో బ్రేకును బలంగా చివరిదాకా తొక్కి పట్టండి. అలా తొక్కినప్పుడు కూడా మోకాలు కొద్దిగా వంగే ఉండాలి, తుంటి సీటు నుంచి ముందుకు జారకూడదు. కాలు కర్రలా చాచుకుపోతే సీటు దూరంగా ఉన్నట్టు. అలాంటి కాలు బ్రేకు మీద బలం పెట్టలేదు, ఢీకొన్నప్పుడు ఆ తాకిడి మోకాలి దగ్గర ఆగకుండా నేరుగా తుంటి కీలుకు చేరుతుంది. మోకాలు స్టీరింగు కిందికో డాష్‌బోర్డుకో తగులుతుంటే సీటు మరీ దగ్గరగా ఉన్నట్టు.

తర్వాత ఎడమకాలితో క్లచ్‌ను కూడా అడుగంటా తొక్కి చూడండి. చాలా కార్లలో క్లచ్ బ్రేకు కంటే లోతుకు దిగుతుంది కాబట్టి, గేర్ల కారులో సీటు దూరాన్ని చివరకు తేల్చేది ఎడమకాలే. క్లచ్ పూర్తిగా దిగాక కూడా ఎడమ మోకాలు కొంచెం వంగి ఉందంటే దూరం కుదిరినట్టు. ఆటోమేటిక్ కారులో క్లచ్ ఉండదు కనుక బ్రేకు పరీక్ష ఒక్కటే చాలు. అక్కడ ఎడమకాలు ఏ పెడల్ జోలికీ పోకూడదు. క్లచ్‌కు ఎడమ పక్కన పాదం ఆనించుకోవడానికి చదునైన చోటు ఉంటే, క్లచ్‌తో పని లేనప్పుడల్లా ఎడమ పాదాన్ని అక్కడే ఉంచండి. శ్రీశైలం, తిరుమల వంటి ఘాట్ రోడ్ల మలుపుల్లో ఒళ్లు పక్కకు ఒరుగుతున్నప్పుడు, ఆ పాదాన్ని గట్టిగా ఆనించి ఒంటిని నిలబెట్టుకునే డ్రైవరుకు స్టీరింగు పట్టుకుని వేలాడే అవసరం రాదు.

కుడి మడమ నేల మీద, బ్రేకు పెడల్‌కు ఎదురుగా ఆనాలి. పాదం ముందు భాగాన్ని కుడికి తిప్పితే యాక్సిలరేటర్, వెనక్కి తెస్తే బ్రేకు అందాలి. మడమను యాక్సిలరేటర్ ఎదురుగా ఆనించి, బ్రేకు కోసం ప్రతిసారీ కాలెత్తే అలవాటు మొదట్లోనే మానుకోవాలి, లేకపోతే కంగారులో పాదం రెండు పెడళ్ల మీదా పడుతుంది. సీటు ముందు అంచుకూ మోకాలి వెనుక భాగానికీ మధ్య రెండు వేళ్లు పట్టేంత సందు ఉందేమో కూడా చూసుకోండి. ఆ అంచు ఒత్తుకుంటుంటే కాళ్లు తిమ్మిరెక్కుతాయి. సీటు జరిపిన ప్రతిసారీ టక్కుమని పట్టు పడిందో లేదో, ఒంటితో ముందుకూ వెనక్కీ ఊగి తేల్చుకోవాలి. పట్టు పడని సీటు ఎత్తెక్కేటప్పుడు వెనక్కి జారితే కాళ్లకు పెడళ్లే అందవు.

ఇక వీపు. సీటు వెనుక భాగం నిటారుకు కొంచెం వెనక్కి, తొడలకూ వీపుకూ మధ్య 100 నుంచి 110 డిగ్రీల కోణం వచ్చేలా ఉండాలి. నడుము నుంచి భుజాల దాకా వీపంతా సీటుకు ఆనాలి. ఖాళీ రోడ్ల మీద సీటును బాగా వాల్చుకుని, ఒంటి చేత్తో స్టీరింగు పట్టుకుని నడపడం యువకుల్లో దర్జాగా చెలామణి అవుతోంది. అలా వాలిన మనిషికీ సీటు బెల్టుకూ మధ్య ఖాళీ ఏర్పడుతుంది; ఢీకొన్నప్పుడు ఒళ్లు బెల్టు కిందుగా ముందుకు జారిపోయి, బెల్టు పొట్టలోకి దిగబడుతుంది. ఆ గాయం ఎంత లోతైనదో చెప్పడానికి మాటలు చాలవు కనుక, ఈ ఒక్క విషయంలో మీ పిల్లలతో గట్టిగా మాట్లాడండి. నడుము వంపు దగ్గర సీటు ఆనకపోతే చిన్న తువ్వాలు చుట్టి అక్కడ పెట్టుకోవచ్చు.

వీపు కుదిరాక స్టీరింగుకు రావాలి. రెండు భుజాలూ సీటుకు ఆని ఉండగా చెయ్యి చాచి స్టీరింగు పైఅంచు మీద వేయండి. మణికట్టు ఆ అంచు మీద పడితే దూరం సరిపోయింది. అరచెయ్యి మాత్రమే అందితే దూరం ఎక్కువ, ముంజేయి పడితే దూరం తక్కువ. ఆ తర్వాత చేతులను గడియారంలో తొమ్మిది, మూడు అంకెలు ఉండే చోట్ల పెట్టండి. మోచేతులు తేలిగ్గా వంగి, భుజాల కంటే కింద ఉండాలి. పూర్వం పది, రెండు అంకెల దగ్గర పట్టుకోమని నేర్పేవారు. స్టీరింగు మధ్యలో ఎయిర్‌బ్యాగ్ వచ్చాక, అది విచ్చుకునేటప్పుడు అంత పైన ఉన్న చేతులను మొహం మీదికి విసిరే ప్రమాదం ఉండడంతో ఆ పద్ధతి మారింది. స్టీరింగును పైకీ కిందికీ వంచే లివర్ దాని కింద ఉంటుంది. స్పీడోమీటర్ అంకెలు కనిపిస్తూ, స్టీరింగు తొడలకు తగలకుండా సర్ది, లివర్‌ను మళ్లీ బిగించండి. కారు కదులుతుండగా ఆ లివర్‌నూ, సీటు లివర్‌నూ ముట్టుకోకూడదు.

మన దేశంలో 2019 జూలై 1 నుంచి కొత్త కార్లన్నిటికీ డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది. అది రెప్పపాటు కంటే తక్కువ సమయంలో, ఎంతో బలంతో విచ్చుకుంటుంది. అలా విచ్చుకోవడానికి చోటుండాలి కాబట్టి, స్టీరింగు మధ్య భాగానికీ మన రొమ్ము ఎముకకూ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు, అంటే జానెడు కంటే కాస్త ఎక్కువ దూరం ఉండాలి. పొట్టిగా ఉన్నవారికి, ముఖ్యంగా అయిదడుగుల లోపు ఎత్తున్న మహిళలకు ఇక్కడే చిక్కు వస్తుంది. క్లచ్ అందేలా సీటు ముందుకు జరిపితే స్టీరింగు ఛాతీకి దగ్గరవుతుంది. స్టీరింగుకు దూరం జరిగితే క్లచ్ అందదు. ఇలాంటప్పుడు కాళ్ల దూరాన్ని మార్చవద్దు. సీటును కాస్త పైకి లేపితే కాళ్లు కిందికి దిగి పెడళ్లు తేలిగ్గా అందుతాయి, దాంతో సీటు ఒకటి రెండు గాట్లు వెనక్కి జరుపుకోవడానికి వీలవుతుంది. వీపు భాగాన్ని కొద్దిగా వాల్చితే మరో రెండు మూడు సెంటీమీటర్లు దొరుకుతాయి. స్టీరింగును ముందుకూ వెనక్కీ జరిపే ఏర్పాటు ఉంటే దాన్ని డాష్‌బోర్డు వైపు నెట్టాలి, లేకపోతే కనీసం అది మొహం వైపు కాక ఛాతీ వైపు చూసేలా కిందికి వంచాలి. ఇవన్నీ చేశాక కూడా 25 సెంటీమీటర్లు రాకపోతే ఆ కారు మీ ఒంటికి తగినది కాదు. కొత్త కారు కొనేవారు రంగు, మైలేజీ చూసే ముందు ఇంట్లో నడపబోయే ప్రతి ఒక్కరినీ షోరూముకు తీసుకెళ్లి, ఈ కొలత అక్కడే చూసుకోవాలి.

సీటు బెల్టు కింది పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీదుగా, బిగుతుగా పోవాలి. పై పట్టీ భుజం మధ్య నుంచి ఛాతీ మీదుగా దిగాలి. మెడకు ఒరుసుకుంటుంటే పక్కన ఉన్న కొక్కేన్ని కిందికి దించండి, అంతేగాని పట్టీని చంక కిందుగా పోనివ్వకండి. గర్భిణులు కింది పట్టీని పొట్టకు దిగువగా, తొడల మొదట్లో ఉంచుకోవాలి. బెల్టు పెట్టుకోకపోతే మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ కింద 1000 రూపాయల జరిమానా ఉంది. హెచ్చరిక శబ్దం రాకుండా బెల్టు బదులు గుచ్చే క్లిప్పులు కారులో ఉంటే తీసి పారేయండి. సీటు పక్కల్లో ఎయిర్‌బ్యాగ్‌లు ఉన్న కార్లకు మామూలు సీటు కవర్లు కుట్టిస్తే అవి విచ్చుకోవడానికి అడ్డం పడతాయన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

హెడ్‌రెస్ట్ తల వాల్చుకోవడానికి పెట్టింది కాదు. వెనుక నుంచి మరో వాహనం గుద్దినప్పుడు ఒళ్లు ముందుకు నెట్టబడి, తల వెనక్కి విరుచుకోకుండా ఆపేది అదే. దాని పైఅంచు తల పైభాగంతో సమానంగా, తలకు మూడు వేళ్ల మందం కంటే ఎక్కువ ఎడం లేకుండా ఉండాలి.

చివరగా అద్దాలు. లోపలి అద్దాన్ని ఎడమచేత్తో, వేలిముద్రలు పడకుండా అంచు పట్టుకుని తిప్పి, వెనుక అద్దం మొత్తం కనిపించేలా పెట్టండి. బయటి అద్దాల్లో మన కారు అంచు సన్నటి గీతలా మాత్రమే కనిపించాలి, మిగిలినదంతా రోడ్డే కావాలి. ఇరుకు సందుల్లో తగులుతుందని ఎడమ అద్దాన్ని మడిచేసి నడిపేవారు మన నగరాల్లో ఎంతోమంది ఉన్నారు. ద్విచక్ర వాహనాలు, ఆటోలు ఎడమ వైపు నుంచే దూరి వచ్చే రోడ్ల మీద అది చాలా ప్రమాదకరమైన అలవాటు. బయటి అద్దాలు ఎక్కువ భాగం కనిపించేలా కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటాయి కాబట్టి, వాటిలో కనిపించే బండి నిజానికి ఇంకా దగ్గరలో ఉంటుంది. మూడు అద్దాలకూ చిక్కని చోటు కారుకు రెండు పక్కలా మిగిలిపోతుంది. తల తిప్పి ఆ చోటును చూసుకునే పద్ధతిని, లేను మారడం నేర్చుకునే ఆరో పాఠంలో సాధన చేద్దాం.

ఈ వారం అభ్యాసం కారు కదలకుండానే చేయాలి. సీటును వెనక్కి చివరిదాకా నెట్టి, వీపు వాల్చి, అద్దాలు చెదరగొట్టి, మొదటి నుంచి వరుసగా సర్దుకోండి. సీటు చివరి నుంచి ముందుకు ఎన్ని టక్కులు జరిగిందో లెక్కపెట్టి ఒక కాగితం మీద రాసుకోండి. ఒకే కారును ఇంట్లో ఇద్దరు ముగ్గురు నడుపుతుంటే, ఎవరి లెక్క వారికి ఉంటే మళ్లీ కుదుర్చుకోవడానికి నిమిషం కూడా పట్టదు. వచ్చే పాఠంలో ఇదే భంగిమలో కూర్చుని, యాక్సిలరేటర్ ముట్టకుండా క్లచ్ ఒక్కదానితోనే కారును నడక వేగంలో కదిలించి ఆపడం మొదలుపెడదాం.