ఇంట్లో రికార్డింగ్ నేర్చుకుందాం – 3వ పాఠం: మైకుకు ఎంత గెయిన్ కావాలి?

కిందటి పాఠంలో గదిలోని ప్రతిధ్వనిని బొంతలతోనూ, బట్టల బీరువాతోనూ ఎలా తగ్గించుకోవచ్చో చూశాం. ఇప్పుడు కొనుగోలు దగ్గరికి వద్దాం. చేతిలో పాతిక వేల రూపాయలు ఉన్నాయనుకుంటే, అందులో మైకుకు ఎంత, ప్రీయాంప్‌కు ఎంత అన్నది అందరూ మొదట అడిగే ప్రశ్న. జవాబు చెప్పేముందు ఒక లెక్క నేర్పుతాను. అది వస్తే దుకాణంలో ఎవరు ఏం చెప్పినా మీరే బేరీజు వేసుకోగలుగుతారు.

మైకు నుంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది. దాన్ని కంప్యూటరుకు అందించదగిన స్థాయికి పెంచేది ప్రీయాంప్, ఎంత పెంచుతుందో చెప్పే కొలత గెయిన్. ఇంటి రికార్డింగ్ కోసం అమ్మే యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌లలో, అంటే మైకును కంప్యూటరుకు కలిపే పెట్టెల్లో, ప్రీయాంప్ లోపలే ఉంటుంది కనుక, దాన్ని విడిగా కొనాలన్న ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

మైకుతో వచ్చే కాగితంలో సెన్సిటివిటీ అనే అంకె ఉంటుంది. 94 డెసిబెల్స్ ధ్వనికి ఆ మైకు ఎన్ని మిల్లీవోల్టులు ఇస్తుందో అది చెబుతుంది. షూర్ ఎస్‌ఎం7బి సుమారు 1.1 మిల్లీవోల్టు, 1966 నుంచి వేదికల మీద వాడుతున్న ఎస్‌ఎం58 సుమారు 1.85, కండెన్సర్ (బయటి నుంచి కరెంటు అందిస్తేనే పనిచేసే సున్నితమైన రకం) మైకు అయిన ఆడియో టెక్నికా ఏటీ2020 సుమారు 14 ఇస్తాయి. మామూలుగా మాట్లాడే గొంతు ఒక మీటరు దూరంలో 60 డెసిబెల్స్ ఉంటే, 10 సెంటీమీటర్ల దూరంలో 80 అవుతుంది. ఆ దూరం నుంచి మాట్లాడి, రికార్డింగ్ సగటు మట్టాన్ని మైనస్ 18 దగ్గర, అంటే కంప్యూటరు పట్టగల గరిష్ఠ మట్టానికి 18 డెసిబెల్స్ కింద, నిలపాలంటే ఏటీ2020కి దాదాపు 40 డెసిబెల్స్ గెయిన్ సరిపోతుంది. ఎస్‌ఎం58కి 57, ఎస్‌ఎం7బికి 60కి పైగా కావాలి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో మూడో తరం ఇంటర్‌ఫేస్ ఇచ్చే గెయిన్ 56 డెసిబెల్స్ మాత్రమే. పేరు విని ఎస్‌ఎం7బి కొన్నవారు గెయిన్ చాలక, ఆపైన సిగ్నల్‌ను అదనంగా పెంచే క్లౌడ్‌లిఫ్టర్ వంటి పరికరం కోసం మళ్ళీ డబ్బు పెట్టవలసి రావడానికి కారణం ఇదే. మైకునూ ఇంటర్‌ఫేస్‌నూ జతగా చూసి కొనాలి తప్ప విడివిడిగా కాదు.

ఇక బుస, అంటే రికార్డింగులో గొంతు వెనక వినబడే సన్నని హోరు సంగతి. ప్రీయాంప్ ఖరీదైనదైతే బుస పోతుందని చాలామంది నమ్ముతారు. ఒకప్పుడు నేనూ నమ్మాను. రోడ్డు పక్క అపార్ట్‌మెంటులో కథలు చదివి రికార్డు చేసుకునే రోజుల్లో, వాక్యానికీ వాక్యానికీ నడుమ వినబడే సన్నని హోరుకు ఇంటర్‌ఫేసే కారణమనుకుని, నెలల తరబడి కూడబెట్టిన డబ్బుతో విడిగా ఒక ప్రీయాంప్ కొన్నాను. హోరు కొంచెం కూడా తగ్గలేదు. ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు లాప్‌టాప్ బ్యాటరీ మీద రికార్డు చేసి, హెడ్‌ఫోన్స్‌లో వింటే నిశ్శబ్దం నిశ్శబ్దంగానే ఉంది. అన్నాళ్ళూ నేను విన్నది వంటింట్లోని ఫ్రిజ్ మోటారునూ, పక్క గదిలో తిరుగుతున్న ఫ్యానునూ.

దీన్నీ అంకెల్లో చూడవచ్చు. ఫ్యాను తిరుగుతున్న గదిలో 40 డెసిబెల్స్ చప్పుడు ఉందనుకుంటే, 80 డెసిబెల్స్ గొంతుకూ దానికీ తేడా 40. అదే గొంతుకూ, ఒక మోస్తరు ఇంటర్‌ఫేస్‌లోని ప్రీయాంప్ బుసకూ తేడా, బలహీనమైన ఎస్‌ఎం7బి వాడినా, 55కి పైనే ఉంటుంది. అంటే ప్రీయాంప్ బుస గది చప్పుడు కింద మునిగిపోతుంది. పైగా 150 ఓంల (ఓం విద్యుత్ నిరోధానికి కొలత) మైకు తనంతట తానే కొంత బుస పుట్టిస్తుంది. అది భౌతికశాస్త్రం గీసిన గీత. మైనస్ 128 డీబీయూ (వోల్టేజీని డెసిబెల్స్‌లో చెప్పే కొలత) బుస ఉన్న మామూలు ప్రీయాంప్ ఆ గీతకు కొద్ది డెసిబెల్స్ దూరంలోనే ఉంటుంది. ఎంత ఖర్చు పెట్టినా అంతకుమించి మెరుగుపడే వీలు లేదు.

దూరం మాత్రం పైసా ఖర్చు లేకుండా మెరుగు చేస్తుంది. మైకుకూ నోటికీ నడుమ దూరం సగానికి తగ్గించిన ప్రతిసారీ గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది చప్పుడు ఉన్నచోటే ఉంటుంది. డైనమిక్ మైకు (ఎస్‌ఎం58, ఎస్‌ఎం7బి ఈ రకానివే) గది చప్పుడును పట్టదని అంటుంటారు కదా, ఆ మాట సగమే నిజం. రెండూ కార్డియాయిడ్ (ఎదుటి నుంచి వచ్చే ధ్వనినే ఎక్కువగా పట్టే) రకానివే అయి, ఒకే దూరంలో ఉంటే కండెన్సర్ అయినా డైనమిక్ అయినా గదిని దాదాపు ఒకేలా పడతాయి. ఎస్‌ఎం58 వంటి మైకు గొప్పతనం ఏమిటంటే, నోటికి మూడు నాలుగు వేళ్ళ దూరంలో పెట్టినా గొంతు ముద్దకట్టదు. దగ్గరితనం వల్ల పెరిగే మంద్రాన్ని దృష్టిలో పెట్టుకునే దాన్ని తయారు చేశారు. అంత దగ్గరికి జరిగితే కావలసిన గెయిన్ కూడా 51కి దిగుతుంది, చవక ఇంటర్‌ఫేసే చాలుతుంది.

కనుక మాటకూ పాటకూ, ముఖ్యంగా చప్పుడున్న ఇంట్లో, నేను సూచించేది ఎస్‌ఎం58, 55 డెసిబెల్స్‌కు తగ్గని గెయిన్ ఉన్న ఇంటర్‌ఫేస్, మైకును ఇంటర్‌ఫేస్‌కు కలిపే ఒక మంచి ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్, కదలని స్టాండు. ఈ మైకుకు నకళ్ళు విపరీతంగా ఉన్నాయి. మరీ తక్కువ ధరకు వస్తోందంటే కొనకండి. మృదంగానికీ డైనమిక్ మైకే చాలు. వీణ సంగతి వేరు. దాని నాదం మెత్తనిది, మైకును మరీ దగ్గరికి తెస్తే మెట్ల మీద వేలు రాపిడి ముందుకు వస్తుంది. రెండు జానల దూరంలో కండెన్సర్ పెట్టి, తెల్లవారుజామున వీధి నిద్రలేవకముందే రికార్డు చేయడం మేలు. కండెన్సర్‌కు 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే ఇంటర్‌ఫేస్ మైకు కేబుల్ ద్వారానే పంపే కరెంటు, కావాలి. కేబుల్ తగిలించాకే, స్పీకర్లు తగ్గించి, ఇంటర్‌ఫేస్ మీద దాని మీట నొక్కండి.

వచ్చే పాఠానికి ముందు ఒక అభ్యాసం. ఫోనులో ధ్వనిని కొలిచే యాప్ ఏదైనా వేసుకుని, మీరు రికార్డు చేయబోయే చోట ఫ్యాను వేసి ఒకసారి, ఆపి ఒకసారి, ఫ్రిజ్ కూడా ఆపి ఇంకొకసారి అరనిమిషం చొప్పున కొలవండి. తరువాత ఫోనును జానెడు దూరంలో పట్టుకుని ఒక పేరా చదవండి. యాప్ చూపే అంకె ఖచ్చితం కాకపోయినా, గొంతుకూ చప్పుడుకూ ఉన్న తేడా తెలియడానికి సరిపోతుంది. నాలుగు అంకెలనూ, కొలిచిన వేళనూ పుస్తకంలో రాసి పెట్టుకోండి. మైకును గదిలో ఏ మూల పెట్టాలో వాటితోనే తేల్చబోతున్నాం.