సెల్ఫ్ తిరుగుతుంది, బండి స్టార్ట్ కాదు: హెడ్ విప్పించే ముందు ఇవి చూడండి

గంగమ్మ జాతర వారంలో తిరుపతిలో మా వీధిలో బండి పెట్టుకోవడానికి చోటుండదు. ఆ మే నెలలో ఒక సాయంత్రం, జనానికి అడ్డం ఎందుకని మా పాత ఆల్టోని స్టార్ట్ చేసి సందు చివరికి జరిపి, వెంటనే ఆపేశాను. పొద్దున సెల్ఫ్ కొడితే ఇంజిన్ గిర్రున తిరుగుతోంది, ఎప్పుడూ లేనంత తేలిగ్గా, కానీ అందుకోవట్లేదు. మెకానిక్ వచ్చి కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి) కొలిచే గేజ్ పెట్టాడు, మూడు సిలిండర్లూ 70 పీఎస్‌ఐ దగ్గరే ఆగిపోయాయి. "రింగులు పోయినాయి సార్, ఇంజిన్ దించాల" అన్నాడు (రింగులంటే పిస్టన్ చుట్టూ ఉండి గాలి పక్కనుంచి జారిపోకుండా పట్టేవి). ఆ పూట నేను సరే అనేసి ఉంటే ఎంత వదిలేదో తలచుకోవడం కూడా ఇష్టం లేదు.

ముందు చెవి పెట్టండి. మంచి ఇంజిన్‌కి సెల్ఫ్ కొడితే ఒక లయ ఉంటుంది, ప్రతి సిలిండరూ గాలిని నొక్కేటప్పుడు కొంచెం బరువుగా రుర్..రుర్..రుర్ అంటుంది. మధ్యలో ఒక దెబ్బ తప్పుతుంటే ఒక సిలిండర్‌లో కంప్రెషన్ లేదని అనుమానించాలి. అసలు లయే లేకుండా మిక్సీ తిరిగినట్టు తిరిగితే అన్నింట్లోనూ లేదన్నమాట. ఇలాంటప్పుడు మళ్ళీ మళ్ళీ సెల్ఫ్ కొట్టకండి. వాల్వుల్ని తెరిచే క్యామ్ కడ్డీని తిప్పే టైమింగ్ బెల్టు తెగి ఉంటే కొన్ని ఇంజిన్లలో వాల్వులు పిస్టన్‌కి తగిలి వంగుతాయి, అప్పుడు నిజంగానే పెద్ద పని. బెల్టు ఉన్న బండి అయితే పైకవర్ కాస్త విప్పి చూడండి. బెల్టు బదులు చైన్ ఉన్న బండి అయితే ఆయిల్ పోసే మూత తీసి, ఇంకొకర్ని ఒక్క క్షణం సెల్ఫ్ కొట్టమంటే లోపల క్యామ్ కదులుతోందో లేదో చాలాసార్లు కనిపిస్తుంది (కొన్నింట్లో రేకు అడ్డం ఉంటుంది). ఇగ్నిషన్, పెట్రోల్ వస్తున్నాయా అనేది మెకానిక్ ఎలాగూ చూస్తాడు, దాని గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను.

ఇక గేజ్ సంగతి. సరిగ్గా చేయకపోతే మంచి ఇంజిన్ కూడా చచ్చినట్టే చూపిస్తుంది, గొడవంతా ఇక్కడే. బ్యాటరీ నిండుగా ఉండాలి, ఊరికే ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు, సెల్ఫ్ కొట్టేటప్పుడు 10కి కాస్త అటూ ఇటూ పర్వాలేదు, బాగా పడిపోతే ఆ రీడింగ్‌ని నమ్మొద్దు. ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసేయాలి, ప్లగ్గులకు కరెంటిచ్చే కాయిల్ కనెక్టర్లు ఊడదీయాలి, లేకపోతే బయటికి చిమ్మిన పెట్రోల్‌కి నిప్పురవ్వ తగిలే ప్రమాదం ఉంది. ప్లగ్గులన్నీ విప్పాలి, ఒక్కటే విప్పి చూస్తానంటే ఒప్పుకోకండి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకోవాలి, లేకపోతే గాలి సరిగా లోపలికి పోక రీడింగ్ తగ్గుతుంది. ఒక్కో సిలిండర్‌కి నాలుగైదు సెకన్లు తిప్పి నంబర్ కాగితం మీద రాసుకోండి.

చాలా పెట్రోల్ కార్లకు 150 నుంచి 190 పీఎస్‌ఐ మధ్య ఉంటే బాగున్నట్టే, 100 కంటే తగ్గితే స్టార్ట్ అవడం కష్టం. సిలిండర్ల మధ్య తేడా కూడా ముఖ్యమే, 10–15 శాతం దాటకూడదు. డీజిల్ బండి అయితే ఈ గేజ్ జోలికి వెళ్ళకండి, అక్కడ 350 పైమాటే, దానికి వేరే గేజ్ ఉంటుంది.

తక్కువ వచ్చిన సిలిండర్లో ప్లగ్గు రంధ్రం గుండా ఒక టీస్పూన్ ఇంజిన్ ఆయిల్ పోసి, రెండుసార్లు తిప్పి, మళ్ళీ గేజ్ పెట్టండి. గబుక్కున పెరిగిందా, గాలి రింగుల పక్కనుంచి పోతోంది. పెరగలేదా, వాల్వులో హెడ్ గ్యాస్కెటో (ఇంజిన్ పైభాగమైన హెడ్‌కీ కింది బ్లాకుకీ మధ్య ఉండే పొర). పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోయి ఆయిల్‌కి కూడా లేవకపోతే ముందు గ్యాస్కెట్‌నే అనుమానించండి. ఎండాకాలం ఏసీ వేసి, నిండా జనంతో తిరుమల ఘాట్‌లోనో మొగిలి ఘాట్‌లోనో టెంపరేచర్ ముల్లు పైకి పోయినా ఆపకుండా ఎక్కించిన బండి అయితే మరీనూ. ఆయిల్ మూత కింద పాలమీగడలాంటి జిగురు, ఎక్కడా కారకుండానే తగ్గిపోయే కూలెంటు, ఇవీ దాని గుర్తులే. రేడియేటర్ మూత మాత్రం చల్లారాకే తీయండి. సీఎన్‌జీ మీద చాలాకాలం తిప్పిన ట్యాక్సీ అయితే వాల్వు సీట్లు అరిగి టాపెట్ సందు (వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండాల్సిన ఖాళీ) మూసుకుపోయి ఉండొచ్చు, హెడ్ విప్పేలోగా ముందు ఆ సందు కొలిపించండి.

ఇంకా తేలకపోతే ఎయిర్ కంప్రెసర్ ఉన్న షెడ్డుకి తీసుకెళ్ళండి. పిస్టన్ పైకి వచ్చి వాల్వులు రెండూ మూసుకున్న చోట ఇంజిన్‌ని ఆపి ప్లగ్గు రంధ్రంలోంచి గాలి కొడితే, బుస్సుమనే చప్పుడు సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఎయిర్ ఫిల్టర్ వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ మూత దగ్గరైతే రింగులు. రేడియేటర్‌లో బుడగలొస్తే గ్యాస్కెట్.

మరి మా ఆల్టోకి ఏమైంది? మూడు సిలిండర్లూ ఒకేలా పడిపోవడమే అసలు ఆధారం. నిన్నటిదాకా బాగా నడిచిన బండికి రింగులన్నీ ఒక్క రాత్రిలో ఎలా పోతాయి? చల్లగా ఉన్న ఇంజిన్‌కి స్టార్టింగ్‌లో పెట్రోల్ ఎక్కువ పోతుంది, వేడెక్కకముందే ఆపేస్తే ఆ పెట్రోల్ సిలిండర్ లోపలి గోడల మీది ఆయిల్ పొరని కడిగేస్తుంది, ఆ పొర లేకపోతే రింగులు గాలిని పట్టలేవు. ప్లగ్గులు విప్పితే తడితడిగా, పెట్రోల్ వాసనతో ఉన్నాయి. ఆరబెట్టాను, ఒక్కో రంధ్రంలో టీస్పూన్ ఆయిల్ వేసి, ప్లగ్గులు లేకుండా కాసేపు తిప్పి, బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాను (చాలా ఇంజెక్షన్ బండ్లలో అలా తొక్కితే పెట్రోల్ ఆగుతుంది). మూడోసారికి దడదడలాడుతూ అందుకుంది, వీధంతా తెల్లపొగ, ఎదురింటాయన "ఏం సామీ, దోమల మందు కొడతాండావా?" అని నవ్వాడు. ఆయిల్‌లో పెట్రోల్ కలిసి ఉంటుంది కాబట్టి ఆ సాయంత్రమే ఆయిల్ మార్పించేశాను. ఇప్పుడు నాలుగడుగులు జరపాలంటే న్యూట్రల్‌లో పెట్టి మా వాడూ నేనూ తోసేస్తున్నాం.